గట్టు మీద నిలబడి చంపిన లారీ

మా లారీ చచ్చిపోయిందని రాసిన మనిషి దాన్ని చేత్తో ముట్టుకోలేదు. బూట్లకు బురద అంటుతుందని గట్టు దిగలేదు. చేపల కంపు పడక ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పైనుంచే తొంగి చూసి కలం తీశాడు. అతను ఇన్సూరెన్సు కంపెనీ పంపిన సర్వేయరు, బెజవాడ నుంచి వచ్చాడు. ఇన్నేళ్లయినా అతని మీద నా కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ రాయడం నాకు రాదు. అందుకే నోటితో చెబుతున్నాను. రాసుకునేవాళ్లు నా మాటను మెత్తబరచకుండా రాసుకోండి.

అది యుద్ధం నాటి మిలట్రీ లారీ. యుద్ధం అయిపోయాక సర్కారువాళ్లు మిగిలిపోయిన బళ్లన్నీ వేలం వేస్తే మా ఆయన కొన్నాడు. కొన్నాడంటే, నా కాసులపేరూ నా వంకీలూ పోయి అది ఇంటికి వచ్చింది. అందుకని కాగితాల్లో యజమాని పేరు నాది రాయించాడు. ఆ ఒక్క పనికి మాత్రం ఆయన్ని తిట్టను. మిగతావాటికి ఇప్పటికీ తిడతాను.

మామూలు లారీకి వెనక చక్రాలే తోస్తాయి. దీనికి ముందు చక్రాలు కూడా లాగుతాయి. అందుకని రోడ్డు లేనిచోటికి పోతుంది. కొల్లేరు అంచున రోడ్డు అనేది ఎక్కడ ఏడ్చింది? ఎండాకాలం నెరలిచ్చిన నేల, వానాకాలం మోకాలి లోతు రొంపి. లంకల్లో ఆడవాళ్లు కిక్కిస గడ్డి కోసి, మోపులు కట్టి చక్రాల దారిలో పరిచేవారు. ఆ గడ్డి మీదుగా మా లారీ నీటి అంచుదాకా వెళ్లి ఆగేది. చేపల గంపలు దోనెలోంచి తిన్నగా లారీలోకి ఎక్కేవి. అక్కణ్ణుంచి ఏలూరు స్టేషను, రైలెక్కి కలకత్తా. మా ఆయన బండి తోలేవాడు, బేరం నేను చూసుకునేదాన్ని. కొర్రమేను కదులుతోందో లేదో చూసి ధర చెప్పడం నా పని. ఆ లంకల్లో నా నోటికి భయపడని మనిషి లేడు.

మా ఆయన పసిరికలు వచ్చి పోయాడు. మాకు పిల్లలు లేరు. లారీ తోలడానికి మా మరిది ఎక్కాడు. వాడికి చేపలంటే నామోషీ. తెల్ల ప్యాంటు వేసుకుని లారీ తోలేవాడు. దాని మీద ఒక్క పొలుసు పడితే ఆ రోజల్లా మొహం ముడుచుకునేవాడు. మా ఆయన ఉన్నప్పుడు వాన పట్టిందంటే లారీని గట్టు ఎక్కించేవాడు కాదు, కింద రొంపిలోనే నడిపేవాడు. గట్టు పైకి పచ్చగా, గట్టిగా కనపడుతుంది, లోపలంతా ఎండ్రకాయల బొరియలు. అంత బరువు ఎక్కితే అంచు పిండిలా జారిపోతుంది. ఈ సంగతి లంకల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. మా మరిదికీ తెలుసు. తెలిసీ, ప్యాంటు పాడవుతుందని గట్టు మీద తోలాడు. అంచు జారింది. లారీ పక్కకు ఒరిగి, తూము రాయికి ముందు భాగం కొట్టుకుని, గట్టు కోసం మట్టి తీసిన గుంటలో పడింది. ఆ గుంటనిండా కొల్లేటి నీళ్లు. వాడు మాత్రం తలుపు తెరుచుకుని ముందే దూకేశాడు. ప్యాంటుకు మరకైనా పడలేదు.

అలా పడివున్న లారీని చూడ్డానికే ఆ సర్వేయరు వచ్చాడు. ఒక చక్రం, సగం టాపు తప్ప పైకి ఏమీ కనపడటం లేదు.

"ఏవండీ, ఇది టోటల్ లాసండీ," అన్నాడు మా మరిదితో.

"అంటే ఏవిటండీ?" అని అడిగింది నేను. జవాబు మరిదికి చెప్పాడు.

"అంటే బాగుచేయించే ఖర్చు బండి విలువకి మించిపోతుందండీ. కంపెనీ పూర్తి సొమ్ము ఇచ్చేసి తుక్కు పట్టుకుపోతుంది. తుక్కు మేమే ఉంచుకుంటాం అంటారా, దాని ఖరీదు కోసేసి మిగతాది ఇస్తుంది. అలా ఎవరూ ఉంచుకోరండీ."

"అడిగింది నేనండీ. బండి నాదండీ. మొహం ఇటు తిప్పండి," అన్నాను.

తిప్పలేదు. "ఆడవాళ్లని బెంగపడొద్దని చెప్పండి," అన్నాడు మరిదితో.

"దిగి చూడండీ. అడుగు కమ్ములు విరిగాయో, బాగున్నాయో."

"కనపడుతోంది కదండీ."

"నీళ్లలో ఉన్నది గట్టు మీంచి ఎలా కనపడిందండీ? మీ కళ్లకి గాలం కట్టి వదిలారా?"

గంపలతో నిలబడ్డ లంక ఆడవాళ్లు పకపకా నవ్వారు. అతను చెవులు ఎర్రగా చేసుకుని, టోటల్ లాసు అని రాసేసి, రుమాలు తీయకుండానే వెళ్లిపోయాడు. మా వైపు తిట్లకు కూడా అండీ తగిలిస్తారు. అండీ ఉంది కదా అని అది తిట్టు కాదనుకున్నాడేమో.

ఇక ఇంట్లో మొదలైంది. కంపెనీకి తుక్కు వదిలేస్తున్నట్టు కాగితం మీద నా వేలిముద్ర కావాలి. మరిది సిరా మెత్తతో సహా తెచ్చి నా ముందు పెట్టాడు.

"వదినా, మంచికే చెబుతున్నాను. ఆ కంపు బతుకు మనకొద్దు. కొత్త లారీ కొందాం. ఉంగుటూరు, పెంటపాడు ఊళ్ల ధాన్యం గూడెం మిల్లుకి తోలదాం. మిల్లు యజమానితో మాట్లాడేశాను కూడా. మర్యాదైన పని."

"కొత్త లారీ ఎవరి పేర?"

వాడు సిరా మెత్త నా వైపు జరిపాడు. నా తోడికోడలు గిన్నె తోముతూ, తల ఎత్తకుండా అంది: "ఎవరి పేరైతే ఏవిటక్కా? అందరం ఒకటే కదా."

"ఒకటే కదా. అయితే నా పేరే రాయించండి."

గిన్నె తోమడం ఆగిపోయింది. మరిది గొంతు మారింది. "పర్మిట్టాఫీసు చుట్టూ మీరు తిరుగుతారా? పెద్దమనుషుల ముందు నిలబడతారా? నా పేరుంటే మీకొచ్చిన లోటేంటి? మూల కూర్చుని మూడుపూట్లా తినండి. ఎవరు కాదన్నారు?"

మూల కూర్చుని తినడం ఏమిటో నాకు తెలుసు. మా అత్తగారి చెల్లెలు మొగుడు పోయి మా ఇంట్లో అలాగే తిన్నది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఆవిడకు పెట్టేవారు. పెళ్లివారు వస్తున్నారంటే దొడ్లోకి పంపేవారు. ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే, ఆవిడ ఎదురుపడకుండా తలుపు వేసేవారు. విధవ ఎదురైతే వెళ్లిన పని చెడుతుందట. ఆవిడ పేరేమిటో ఆ ఇంట్లో సగం మందికి తెలియదు. ఆ లారీ ఉంటే నేను బేరమాడే మనిషిని. లేకపోతే ఆ మూల మనిషిని. మధ్యలో ఇంకో బతుకు ఎవరూ నాకు చూపించలేదు.

"ముందు దాన్ని పైకి తీయించు. నా కళ్లతో చూశాక చెబుతా," అన్నాను.

"తుక్కు తీయడానికి కూలి దండగ."

"సరే, నేనే తీయిస్తా. ఆ సిరా ఎండిపోతుంది, మూత పెట్టుకో."

లంకలకు పోయి అడిగాను. బతిమాలలేదు, అడిగాను. అక్కడ చేపల ఆడవాళ్లందరికీ పెద్దలాంటి ఒకామె ఉండేది. నాతో ధర దగ్గర రోజూ కొట్లాడే మనిషి.

"తీస్తాం," అంది. "నీ మీద ప్రేమ అనుకునేవు. లారీ రాకపోతే ఆ గంపలు రోడ్డుదాకా మోయాల్సింది మేము. మోసి మోసి నా నడినెత్తిన జుట్టు పోయింది, చూడు."

"నీ నోటికి పోయి ఉంటుంది," అన్నాను.

"నీ నోటికైతే నీకు బోడిగుండే మిగలాలి కదే!"

వాళ్లు లారీని తీసిన పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఏ కంపెనీవాడికీ అది తెలియదు. కొల్లేట్లో మునిగిన పడవను తీసినట్టే తీశారు. తాటి దోనెలు తెచ్చి గుంటలో లారీకి అటూ ఇటూ నిలిపారు. వాటినిండా నీళ్లు పోసి అంచులదాకా ముంచారు. మగవాళ్లు మునిగి, లారీ అడుగు కమ్ములకు మోకులు చుట్టి, ఆ దోనెలకు బిగించి కట్టారు. తరవాత ఆడవాళ్లు డబ్బాలతో దోనెల్లో నీళ్లు తోడి బయటికి పోయడం మొదలుపెట్టారు. నీళ్లు పోయినకొద్దీ దోనెలు తేలతాయి, తేలినకొద్దీ మోకులు లాగుతాయి. లారీ మొత్తం తేలనక్కరలేదు, బురద పట్టు వదిలితే చాలు.

గట్టు మీద మా మరిది గొడుగు వేసుకుని నిలబడ్డాడు. "గేదెని లేపుతున్నారా? కాస్త తవుడు చూపించండి!" అన్నాడు.

"నువ్వు దిగి నిలబడు బాబూ, తవుడనుకుని లేస్తుందేమో!" అంది ఆ లంక ఆమె.

బురద ఒక్కసారి పెద్దగా చప్పుడు చేసి వదిలింది. దున్నపోతులను కట్టి ఒడ్డుకు లాగారు. బాడీ చెక్కలు కట్టెలపాలు. తలుపు ఒకటే ఉంది. నేను బురదలో బోర్లా పడుకుని అడుగున తడుముకుంటూ పోయాను. బండి బరువంతా మోసే పొడుగు కమ్ములు రెండూ తిన్నగా ఉన్నాయి. లేచి, ఒంటినిండా బురదతో గట్టెక్కి మా మరిదికి ఎదురుగా నిలబడ్డాను. వాడు వెనక్కి జరిగాడు.

ఏలూరులో బళ్లు బాగుచేసే సాయిబు ఒకడుండేవాడు. లారీని లాక్కెళ్లి అతని షెడ్డులో పెట్టాం. అతనూ నా పక్షమేమీ కాదు.

"అమ్మా, నిజం చెబితే తిట్టకూడదు మీరు."

"విన్నాక చెబుతా, తిట్టాలో లేదో."

"ఇంజను మొత్తం విప్పి కడగాలి. అది అవుతుంది. బాడీ కొత్తది కట్టాలి, అదీ అవుతుంది. ముందు చక్రాలను తిప్పే ఇరుసు మధ్యన ఇనపగుండు ఉంది చూశారా, తూము రాయికి కొట్టుకుని పగిలింది. అది ఇప్పుడు దొరకదు. మిలట్రీ సామాను వేలాలు ఎప్పుడో అయిపోయాయి. దాన్ని పీకేస్తా, వెనక చక్రాలతో నడుపుకోండి. లేదంటే సొమ్ము పుచ్చుకుని కొత్తది కొనండి. నాకు పని పోయినా మీకు మంచిది చెబుతున్నా."

ఇంత వినయంగా నన్ను మూల కూర్చోమన్నవాడు ఇంకొకడు లేడు. ముందు చక్రాలు లాగకపోతే అది రోడ్డు దాటదు. రోడ్డు దాటని లారీకి లంకలతో పని లేదు, లంకలతో పనిలేని లారీలో నాతో ఎవరికీ పని లేదు.

"ఎక్కడా లేదా?" అన్నాను.

గడ్డం గోక్కున్నాడు. "ఇలాంటిదే చచ్చిన లారీ ఒకటి గూడెంలో ఉంది. విమానాల మైదానం కట్టిన రోజుల్లో వచ్చింది. ఒక రైసు మిల్లు వెనక ఊకపోగు పక్కన పడుంది, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. ఇంజను పీకి ఎప్పుడో వాడేసుకున్నారు. ముందు ఇరుసు ఉండాలి."

ఏ మిల్లో అడిగితే చెప్పాడు. మా మరిది మాట్లాడుకొచ్చిన మిల్లే.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి గూడెంలో దిగాను. మిల్లు యజమాని గేటు దగ్గరే కుర్చీ వేయించుకుని, ధాన్యం బళ్లు లోపలికి వస్తుంటే చూసుకుంటున్నాడు. గానుగ రోలులా కదలని మనిషి. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పాను. తుక్కుకు తుక్కు ధర ఇస్తానన్నాను.

"మీ మరిది కొత్త లారీ కొంటున్నాడుగా. నాకు ఆ లారీ కావాలి," అన్నాడు. "నీ చేపల కంపు బండికి నా ఇనుము ఎందుకిస్తాను?"

"పనికిరాకుండా కోళ్లు కాపురం చేస్తున్నాయి కదండీ అందులో."

"కోళ్లు చేసుకోనీ. నాకిష్టం." అని, గుమాస్తా వైపు తిరిగి, నాకు వినపడేట్టే అన్నాడు: "పొద్దున్నే ఇంజను వేసే వేళకి ఈ ముండమోపి ఎదురొచ్చిందేవిటయ్యా. ఇవాళ పని ఏం తగలడుతుందో. అవతలకి పొమ్మను."

ఆ మాట నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు దాన్ని నేను వేరే రకంగా విన్నాను. నేనంటే ఇతనికి జాలి లేదు, మర్యాద లేదు. భయం మాత్రం ఉంది.

పెంటపాడులో మా పినతల్లి ఉండేది. ఆవిడ ఇంట్లో దిగాను. తెల్లవారగానే నడిచి వచ్చి మిల్లు గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, తిన్నగా కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అనలేదు. బొట్టు లేని మొహం పైకెత్తి కూర్చున్నాను, అంతే. ధాన్యం బళ్లవాళ్లు వచ్చారు. ముందు బండివాడు నన్ను చూసి ఎడ్లను ఆపేశాడు. వాడి వెనక ఇంకొకడు. "ఏవమ్మా, కాస్త పక్కకి జరుగు," అన్నాడు. "రోడ్డు నాదా? నీ దారిన నువ్వు పో నాయనా," అన్నాను. పోలేదు. బళ్లు వరసగా నిలిచిపోయాయి. గుమాస్తా వచ్చి బతిమాలాడు, తరవాత కసిరాడు. యజమాని లోపలే ఉండి కిటికీ మూయించాడు.

ఆ మర్నాడూ కూర్చున్నాను, ఆ తరవాతా కూర్చున్నాను. ఒకనాడు మిల్లు లోపల ఇంజను బెల్టు ఫట్‌మని తెగింది. రోడ్డు మీదికి వినపడింది. అది పాత బెల్టు, ఎప్పుడో తెగవలసింది. నాకు సంబంధం లేదు. కానీ లోపలున్న కూలీలంతా గేటు దగ్గరికొచ్చి నా వైపు చూశారు. నేను కొంగు సర్దుకుని నవ్వాను.

అప్పుడు వచ్చాడు యజమాని, తనంతట తాను, కుర్చీ లేకుండా.

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. రోడ్డు పక్కన కూర్చున్న విధవని ఏ చట్టం కింద తీసుకెళ్తారో నేనూ వింటా. రేపు పెంటపాడు నుంచి మా పినతల్లిని కూడా తెస్తా. ఆవిడా విధవేనండీ. వాళ్ల వీధిలో ఇంకా ఉన్నారు."

అతను రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. బళ్లవాళ్లు చూస్తున్నారు. "పట్టుకుపో," అన్నాడు. "ఆ ఇనుము పట్టుకుపో. మళ్లీ నీ మొహం ఈ గేటు దగ్గర చూపించకు."

"మీ మనుషులతో విప్పించి కాలవ రేవుదాకా చేర్పించండి. లేకపోతే విప్పినంతకాలం నేనే వచ్చి నిలబడాలి కదండీ," అన్నాను.

చేర్పించాడు. తుక్కు ధర అతని గుమాస్తా చేతిలో పెట్టాను. ఊరికే పుచ్చుకున్నానని రేపు ఎవడూ అనకూడదు. ఏలూరు కాలవలో పోయే పడవలో ఆ ఇరుసు ఎక్కించి, దాని మీదే కూర్చుని ఏలూరు వచ్చాను. ఒళ్లంతా తుప్పు. పడవవాడు నన్ను ఎక్కించుకోవడానికి సణిగాడు. వాడినీ తిట్టాను.

కంపెనీ కాగితం మీద వేలిముద్ర వేశాను. తుక్కు నేనే ఉంచుకుంటున్నట్టు ఉన్న కాగితం మీద, పొరుగింటి మాస్టారు చదివి వినిపించాక వేశాను. మరిది ఆ రోజు అన్నం తినలేదు. "మొండి మనిషి, ఇల్లు ముంచింది," అని వీధిలో చెప్పుకున్నాడు. తుక్కు ఖరీదు కోసుకోగా కంపెనీ ఇచ్చిన సొమ్మంతా సాయిబు షెడ్డులోకి పోయింది. అతను ప్రతి మర బిగించినప్పుడూ గొణిగాడు. నేను షెడ్డు ముందే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. "మీరు ఇంటికెళ్లండమ్మా, చేతులు ఆడవు," అనేవాడు. "నేను వెళ్తే అసలాడవు," అనేదాన్ని. బాడీ మాత్రం దోనెలు చెక్కే లంక వడ్రంగి కట్టాడు. పడవకు పూసినట్టే చెక్కలకు తారు పూశాడు. చూడ్డానికి అది లారీలా ఉండదు, చక్రాలున్న పడవలా ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వారు.

దాన్ని మొదటిసారి రొంపిలో దింపినప్పుడు లంక ఆడవాళ్లు గడ్డి పరిచి పక్కన నిలబడ్డారు. తోలడానికి ఏలూరులో వేరే మనిషిని పెట్టుకున్నాను. ప్యాంటు తొడగని మనిషి. బురద చక్రం సగందాకా వచ్చింది. వెనక చక్రాలు ఊరికే గిర్రున తిరిగాయి. అప్పుడు గూడెం ఇరుసు పట్టుకుంది. ముందు చక్రాలు గడ్డిని కరిచి లాగాయి. లారీ నీటి అంచుకు పోయి ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ లంక ఆమె గంప ఎత్తి లోపల పెట్టి, "ధర తగ్గిస్తే మళ్లీ ముంచేస్తాం," అంది.

మా మరిది మిల్లు యజమాని పూచీతో, తన పేరు మీద కొత్త లారీ కొన్నాడు. ఎర్రది. ఇంటి మధ్యన గోడ లేచింది. నా తోడికోడలు గోడకు అటువైపు నుంచే ఊరందరికీ నా చరిత్ర చెప్పింది. నేను ఇటువైపు నుంచి దిద్దాను. కానీ గోడ ఇంటికే గానీ వీధికి కాదు. రెండు లారీలూ బయటికి పోవలసిన సందు ఒక్కటే.

వాడు ధాన్యానికి తెల్లారకుండానే బయలుదేరాలి. నేను చేపలకు తెల్లారకుండానే బయలుదేరాలి. నేను ఎదురుగా ఉండగా వాడు లారీ తీయడు. నా బండి సందు దాటి, దుమ్ము అణిగేదాకా గోడ అవతల ఇంజను ఆపుకుని కూర్చుంటాడు. వాడి గుమ్మం తలుపు సందులోంచి ఒక కన్ను కనపడుతుంది, నేను పోయానో లేదో చూడ్డానికి.

కొన్ని రోజులు తొందరగా పోతాను, చేప ఆగదు కనుక. కొన్ని రోజులు మాత్రం డ్రైవరును కాస్త ఆగమని, దిగి, సందు మొదట్లో నిలబడి తాపీగా జుట్టు ముడి వేసుకుంటాను.